మోవా ఎముక, చేపల గాలం: తొలి మావోరీల రాకతో న్యూజీలాండ్ జంతుజాలంలో, చేపల వేటలో వచ్చిన మార్పులు

వ్యాససంగ్రహం:
ద్వీపాలకు తొలిసారి చేరిన మానవ సమూహాలు అక్కడి జంతుజాలాన్ని ఎంత వేగంగా, ఏయే మార్గాల్లో మార్చాయన్న ప్రశ్నకు న్యూజీలాండ్ అత్యంత స్పష్టమైన ఆధారాలున్న ఉదాహరణ. క్రీ.శ. 13వ శతాబ్దంలో పాలినేషియా నావికులు అక్కడ స్థిరపడ్డాక మోవా పక్షులు, కొన్ని సముద్ర క్షీరదాలు కనుమరుగైన తీరును, ఆ లోటు చేపల వేటను మలచిన విధానాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పురావస్తు ఆధారాలను వలసపాలకులు, ఆధునిక న్యాయవ్యవస్థ ఉపయోగించుకున్న తీరును కూడా చర్చిస్తుంది. అవసరమైన చోట ఇతర ద్వీపాలతో పోలుస్తుంది.

కీలక పదాలు: మావోరీ, మోవా, ఆహారావశేష దిబ్బలు, జాతుల విలుప్తి, చేపల వేట, రాహుయి, వైతాంగి ఒప్పందం.

1. ప్రవేశిక

హవాయి, సమోవా, టోంగా వంటి పాలినేషియా దీవుల భాషల్లో 'మోవా' అంటే కోడి. ఆ దీవుల వారసులు దక్షిణాన న్యూజీలాండ్ తీరం చేరినప్పుడు వారి పడవల్లో బయలుదేరిన పెంపుడు జంతువుల్లో కుక్క, ఎలుక మాత్రమే కొత్త నేలలో నిలదొక్కుకున్నాయి. పందులు, కోళ్లు నిలవలేదు. అక్కడి అడవుల్లో మాత్రం రెక్కలు లేని, మనిషిని మించిన ఎత్తున్న పక్షులు తిరుగుతున్నాయి. వచ్చినవారు వాటికి తమకు తెలిసిన కోడి పేరే పెట్టారు. ఇంటి పెరటి పక్షి పేరు రెండువందల కిలోలు దాటే పక్షికి అమరడంలో కొంత హాస్యం ఉన్నా, ఆ కొత్త నేలను వారు ఏ దృష్టితో చూశారో ఆ పేరు చెబుతుంది. అది ముందుగా ఆహారం.

ఆదిమ సమాజాలు ప్రకృతితో మమేకమై, దానికి హాని కలగకుండా జీవించాయన్న వాక్యం మన వ్యాసాల్లో తరచు నిరూపణ అక్కరలేని సత్యంగా కనిపిస్తుంది. దీనికి పూర్తిగా ఎదురైన వాక్యమూ ఉంది: మనిషి ఎక్కడ అడుగుపెట్టినా విధ్వంసమే, తొలివాసులు అందుకు మినహాయింపు కాదు. రెండూ ఆధారాలను పరిశీలించే శ్రమను తప్పించే సూత్రాలే. పైగా రెండింటికీ రాజకీయ ప్రయోజనాలున్నాయి. న్యూజీలాండ్ విషయంలో ఆ ప్రయోజనాలు భూమి హక్కుల దగ్గర మొదలై, చేపల కోటాల వరకు సాగాయి. అందుకే ఇక్కడ ఏం జరిగిందన్న ప్రశ్నను, దాన్ని ఎవరు ఎలా చెప్పారన్న ప్రశ్న నుంచి విడదీయలేం.

2. ఎప్పుడు వచ్చారు? కాలనిర్ణయ వివాదం

జంతుజాలంపై మానవ ప్రభావాన్ని కొలవాలంటే ముందు మనుషులు వచ్చిన కాలం తెలియాలి. న్యూజీలాండ్ విషయంలో ఇది దశాబ్దాల పాటు తేలని సమస్య. 1996లో రిచర్డ్ హోల్డవే కియోరే అనే పసిఫిక్ ఎలుక ఎముకలకు రేడియోకార్బన్ పరీక్షలు జరిపించి, అవి దాదాపు 2 వేల ఏళ్ల నాటివని ప్రకటించారు. ఎలుక తనంతట తాను సముద్రం దాటి రాలేదు కాబట్టి ఎవరో మనుషులు అప్పటికే వచ్చి వెళ్లారన్నది దాని తాత్పర్యం. ఇది నిజమైతే మోవా పక్షులు ఎలుకలతో వెయ్యేళ్లకు పైగా సహజీవనం చేశాయని ఒప్పుకోవాలి.

జానెట్ విల్మ్స్‌హర్స్ట్, ఆమె సహపరిశోధకులు మరో దారి పట్టారు. ఎముకల్లోని కర్బనం ఆ జంతువు తిన్న ఆహారాన్ని బట్టి పాతదిగా కనిపించవచ్చు. ఎలుక కొరికిన గింజ విషయంలో ఆ చిక్కు లేదు. గింజ పుట్టిన కాలం స్పష్టంగా తెలుస్తుంది, దాని మీది పంటిగాటు ఎలుక ఉనికికి సాక్ష్యం. ఉత్తర, దక్షిణ దీవులు రెండింటి నుంచి సేకరించిన గింజలను పరీక్షించి 2008లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం, ఎలుక కొరికిన గింజల్లో ఏదీ క్రీ.శ. 1280 ప్రాంతానికి ముందుది కాదు. క్రీ.శ. 1314 ప్రాంతంలో జరిగిన కహరోవా అగ్నిపర్వత విస్ఫోటనం చల్లిన బూడిద పొర కూడా దీనికి తోడ్పడుతుంది. ఆ పొరకు దిగువన మానవ నివాసపు జాడలు దాదాపు లేవు, పైన మాత్రం అడవుల దహనం స్పష్టంగా కనిపిస్తుంది. ఈ రెండు ఆధారాలను కలిపి చూస్తే 13వ శతాబ్దపు రాకే సమంజసమని ఈ వ్యాసకర్త భావన.

ఈ కాలనిర్ణయం ఫలితం చిన్నది కాదు. మోవాల అంతం మధ్యయుగంలో, అనగా మన కాకతీయుల పాలన చివరి దశలో మొదలైన సంఘటన. భూమిపై విశాల భూభాగాల్లో మనుషులు చివరగా చేరినది ఇదే కావడంతో, మరెక్కడా లేనంత తాజా ఆధారాలు ఇక్కడ లభిస్తున్నాయి.

3. 'మోవా వేటగాళ్లు' ఎవరు?

1839లో లండన్‌లో రిచర్డ్ ఓవెన్ ఒక తొడ ఎముక ముక్కను చూసి, న్యూజీలాండ్‌లో నిప్పుకోడి వంటి భారీ పక్షి ఉండేదని ప్రకటించారు. తరువాతి దశాబ్దాల్లో ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. వాటితో పాటు మట్టి పొయ్యిలు, రాతి కత్తులు, కాల్చిన ఎముకలు దొరికాయి. ఆ పక్షుల్ని తిన్నవారెవరన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

క్రైస్ట్‌చర్చ్‌లో పనిచేసిన భూవిజ్ఞాని జూలియస్ వాన్ హాస్ట్ 1871లో, మోవా వేటగాళ్లు మావోరీల కన్నా ఎంతో పూర్వులైన, వేరొక ప్రాచీన శిలాయుగ జాతి అని ప్రతిపాదించారు. ఐరోపాలో మామత్ ఎముకల పక్కన దొరికిన రాతి పనిముట్ల చరిత్రను ఆయన యథాతథంగా దక్షిణార్ధగోళానికి తరలించారు. ఈ సిద్ధాంతం వలసవచ్చిన తెల్లజాతివారికి అనుకూలంగా ఉండేది. మావోరీలు కూడా తమకు ముందున్న వారిని తొలగించి వచ్చినవారే అయితే, వారిని తొలగించడంలో కొత్తగా అన్యాయమేముందన్న వాదానికి అది ఊతమిచ్చింది. 1872లో మోవాబోన్ పాయింట్ గుహలో హాస్ట్ తరఫున తవ్వకం జరిపిన అలెగ్జాండర్ మెకే, తవ్వకంలో తాను చూసిన దాన్ని బట్టి వేటగాళ్లు మావోరీలే అన్న అభిప్రాయంతో ఒక పత్రం సమర్పించడం పెద్ద వివాదమైంది. కూలికి తవ్వినవాడు యజమాని కన్నా ముందే ఫలితం ప్రకటించాడన్నది హాస్ట్ ఆగ్రహానికి కారణం. ఎవరు చెప్పారన్న దాని మీద జరిగినంత రభస ఏం చెప్పారన్న దాని మీద జరగలేదు.

వాదానికి తెర దించినది వైరావ్ బార్. దక్షిణ దీవి ఉత్తర కొసన ఉన్న ఈ గులకరాళ్ల తిన్నె మీద 1939లో జిమ్ ఐల్స్ అనే బడి పిల్లవాడికి ఒక సమాధి, అందులో రంధ్రం చేసిన మోవా గుడ్డు దొరికాయి. రోజర్ డఫ్ జరిపిన తవ్వకాల్లో బయటపడిన రాతి వాచీలు, పూసల హారాలు తూర్పు పాలినేషియా వస్తువులతో సరిపోలాయి. 1950లో వచ్చిన ఆయన గ్రంథంతో మోవా వేటగాళ్లు మావోరీల పూర్వికులేనని స్థిరపడింది. ఆనాడు తవ్వి తీసిన అస్థికలను 2009లో స్థానిక రంగితానే తెగవారికి అప్పగించగా వారు వాటిని అదే నేలలో తిరిగి పూడ్చారు.

4. విలుప్తి వేగం

మోవాలు 9 జాతులు. అన్నిటికన్నా పెద్దదైన దక్షిణ దీవి మహామోవాలో ఆడపక్షి మగదాని కన్నా ఎంతో పెద్దది. మనిషికి ముందు వీటికి చెప్పుకోదగ్గ శత్రువు ఒక్కటే: హాస్ట్ గద్ద అనే భారీ డేగ. అది ఆకాశం నుంచి దాడి చేసేది. నేల మీద నడిచి వచ్చే వేటగాడిని చూసి పారిపోవాలన్న అలవాటు ఏర్పడే అవకాశం ఆ పక్షులకు రాలేదు.

వేట భారాన్ని మోవాలు తట్టుకోలేకపోవడానికి అసలు కారణం వాటి ఎముకల్లో కనిపిస్తుంది. ఆధునిక పక్షులు సాధారణంగా ఏడాది లోపే పూర్తి పరిమాణానికి పెరుగుతాయి కాబట్టి వాటి ఎముకల్లో ఏటేటి పెరుగుదల వలయాలు ఉండవు. మోవా ఎముకల్లో చెట్టు మాను వలయాల వంటి గుర్తులు కనిపించాయి. కొన్ని జాతులు పూర్తిగా ఎదగడానికి సుమారు పదేళ్లు పట్టేదని 2005లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఆలస్యంగా ఈడుకు వచ్చే ఇలాంటి పక్షుల్లో, పెద్దవాటిని కొద్ది సంఖ్యలో చంపినా ఆ లోటు పూడదు. గుడ్లను కూడా తినడం మొదలైతే తరం మారే దారే మూసుకుపోతుంది.

2000లో హోల్డవే, క్రిస్ జాకోంబ్ రూపొందించిన గణిత నమూనా, మోవాలు నూరేళ్ల లోపే అంతరించి ఉంటాయని సూచించింది. అది అతిశయోక్తి అన్నవారున్నారు. తరువాత జరిగిన రేడియోకార్బన్ విశ్లేషణల్లో సంఖ్య కొంత అటూ ఇటూ అయినా, రెండు శతాబ్దాలు దాటలేదు. 2014లో హోల్డవే బృందమే మరో అడుగు ముందుకు వేసి, ఆ నాటి మానవ సాంద్రత సగటున నూరు చదరపు కిలోమీటర్లకు సుమారు ఒక్కరేనని అంచనా కట్టింది. అనగా, ఒక మహాజాతిని తుడిచిపెట్టడానికి జనసమ్మర్దం అవసరం లేదు. అదే ఏడు అలెంటాఫ్ట్ బృందం 281 మోవాల ప్రాచీన డీఎన్ఏను పరిశీలించి, విలుప్తికి ముందు 4 వేల ఏళ్లలో వాటి సంఖ్య తగ్గుముఖం పట్టిన సూచనేదీ లేదని ప్రకటించింది. వాతావరణ మార్పు వల్లో, వ్యాధుల వల్లో అవి ముందే క్షీణిస్తున్నాయన్న పాత వాదానికి దీంతో నిలువ నీడ లేకుండా పోయింది.

అయితే వేట ఒక్కటే కారణమనడం తొందరపాటు. దక్షిణ దీవి అడవుల్లో దాదాపు 40 శాతం తొలి రెండు శతాబ్దాల్లో కాలిపోయిందని సరస్సుల అడుగున పేరుకున్న బొగ్గు పొరలు చెబుతున్నాయి. కియోరే ఎలుక గింజలనూ పురుగులనూ బల్లులనూ నేలగూళ్ల చిన్న పక్షుల గుడ్లనూ తినింది. మోవాలు లేక హాస్ట్ గద్దకు ఆహారం లేకుండా పోయింది. దాన్నెవరూ ప్రత్యేకంగా వెంటాడవలసిన పని లేదు. ఐరోపీయులు రాకముందే ముప్పైకి పైగా పక్షిజాతులు ఈ దీవుల నుంచి మాయమయ్యాయి. వాటిలో మనిషి చేతితో చంపినవెన్నో, ఎలుక నోట పడినవెన్నో విడదీసి లెక్కించడం కష్టం.

5. తీరం: కనబడని విలుప్తులు

భూమి మీది పక్షుల కథ ప్రసిద్ధం. సముద్రపు ఒడ్డున జరిగినది అంతగా తెలియదు. కానీ తొలి నివాసుల వంటపొయ్యిల దగ్గర మోవాతో సమానంగా కనిపించేవి సీల్ జంతువుల ఎముకలు. ఇయన్ స్మిత్ దిబ్బల్లోని ఎముకల ఆధారంగా చూపినట్లు, మనుషులు వచ్చిన కొత్తలో బొచ్చు సీళ్లు ఉత్తర దీవి ఉత్తర కొసన కూడా పిల్లలు పెట్టేవి. శతాబ్దాలు గడిచేకొద్దీ ఆ స్థావరాలు ఒక్కొక్కటిగా దక్షిణానికి కుంచించుకుపోయాయి. కుక్ 1769లో వచ్చేనాటికి అవి ప్రధానంగా దక్షిణపు మారుమూల తీరాలకే పరిమితమయ్యాయి.

జన్యుశాస్త్రం దీనికి ఊహించని అధ్యాయాన్ని చేర్చింది. దక్షిణ దీవి తీరాన నేడున్న పచ్చకన్ను పెంగ్విన్ ఒకప్పటి విస్తారమైన జాతికి మిగిలిన శేషమని అందరూ నమ్మేవారు. పాత ఎముకల డీఎన్ఏ వేరే మాట చెప్పింది. మావోరీలు వచ్చేనాటికి అక్కడున్నది వైతహా పెంగ్విన్ అనే వేరొక జాతి. అది అంతరించాక ఖాళీ అయిన తీరానికి ఉప అంటార్కిటిక్ దీవుల నుంచి పచ్చకన్ను పెంగ్విన్ వచ్చి చేరింది. సముద్రసింహాల విషయంలోనూ ఇదే జరిగింది: ప్రధాన భూభాగపు వంశం పోయింది, దక్షిణపు వంశం దాని స్థానంలోకి వచ్చింది. ఒక జాతి పోయి దాని పోలికే ఉన్న మరొకటి వస్తే, పోయిందన్న సంగతే ఎవరికీ తెలియదు. నేటి జంతుజాలాన్ని చూసి గతాన్ని ఊహించే పద్ధతి ఎంత ప్రమాదకరమో దీన్ని మించిన ఉదాహరణ దొరకదు.

6. మాంసం తరిగాక చేప

ఓటాగో తీరంలోని షాగ్ నదీముఖం వద్ద 14వ శతాబ్దంలో కొన్ని దశాబ్దాల పాటు మాత్రమే నివాసమున్న ఒక పల్లె పొరలను లీసా నగావోకా పరిశీలించారు. అడుగు పొరల్లో మోవా, సీల్ ఎముకలు అధికం. పైకి వచ్చేకొద్దీ అవి తగ్గి చేపల ఎముకలు పెరిగాయి. దొరికిన పెద్ద జంతువుల ఎముకలను కూడా మునుపటి కన్నా శ్రద్ధగా వాడుకున్న జాడలున్నాయి. ఇదంతా ఒకటి రెండు తరాల లోపే. తాత తిన్న భోజనం మనవడికి కథగా మిగిలిందన్నమాట.

చేపల వేటకూ మోవాకూ మరో బంధముంది. తొలినాటి గాలాలను ఒకే ముక్కగా మోవా ఎముక నుంచి చెక్కేవారు. అంత మందమైన, దృఢమైన ఎముక మరే పక్షిదీ కాదు. మోవాలు పోయాక ఎముక కరువైంది. అప్పుడు కర్ర పిడికి ఎముక ముల్లునో గవ్వ ముల్లునో నారతో కట్టిన అతుకు గాలాలు ప్రధానమయ్యాయి. పక్షి విలుప్తి చేపల వేట పనిముట్టు రూపాన్ని మార్చిన ఈ సంగతి, వన్యప్రాణులను ఒక అధ్యాయంలోనూ మత్స్య సంపదను మరో అధ్యాయంలోనూ రాసే మన అలవాటును పునరాలోచించుకోమంటుంది.

దక్షిణాన చిలగడదుంప పండని చలి. అక్కడివారు బారకూటా చేపలను గాలాలతో పట్టి, ఎండబెట్టి నిల్వ చేసుకునేవారు. ఉత్తరాన తాముఱే, అనగా స్నాపర్ చేపల ఎముకలే దిబ్బల నిండా ఉంటాయి. హారకేకే మొక్క నారతో అల్లిన వలలు చూసి 1769లో కుక్ వెంట వచ్చిన జోసెఫ్ బ్యాంక్స్ నివ్వెరపోయారు. ఒక వల అయిదు బారల లోతు, నాలుగైదు వందల బారల పొడవు ఉంటుందని అంచనా వేశారు. ఓడవారి వల దాని ముందు చిన్నబోయింది. ఇంత పెద్ద వల ఒక కుటుంబం పని కాదు. దాన్ని అల్లడానికీ లాగడానికీ ఊరంతా కలవాలి.

ఇంత సామర్థ్యం ఉన్నా, సముద్రపు చేపల్లో ఏ జాతీ అంతరించలేదు. దీన్ని వెంటనే సంరక్షణ జ్ఞానానికి ముడిపెట్టడం సరికాదు. లక్షల గుడ్లు పెట్టి విస్తారమైన సముద్రంలో తిరిగే స్నాపర్‌కూ, ఒకటి రెండు గుడ్లు పెట్టే మోవాకూ పోలిక లేదు. కానీ నియమాలూ ఉన్నాయి. 'రాహుయి' పేర ఒక రేవును, గుల్లల మేటను కొంతకాలం మూసివేసేవారు. 'మరమతక' అనే చాంద్రమాన పట్టిక ఏ రాత్రి ఏ చేపకు అనువో చెప్పేది. ఏ చేపరేవు ఏ వంశానిదో తెలుసు. ఈ కట్టుబాట్లు నేల మీది నష్టాల నుంచి నేర్చుకున్నవా, పాలినేషియా నుంచి తెచ్చుకున్న ఆచారాలా అన్నది చర్చనీయం. తపు, రాహుయి వంటి భావనలు ఇతర పాలినేషియా దీవుల్లోనూ ఉన్నాయి కాబట్టి వాటి బీజం వెంట తెచ్చుకున్నదే. ఏ రేవుకు, ఏ గుల్లకు, ఎంత కాలం అన్నది మాత్రం కొత్త నేల మీద నేర్చుకోవలసిందే.

ఈ చరిత్ర న్యాయస్థానాల దాకా వెళ్లింది. 1986లో ప్రభుత్వం చేపల వేటకు కోటా విధానం ప్రవేశపెట్టినప్పుడు, 1840 నాటి వైతాంగి ఒప్పందం తమ చేపరేవులను తమకే హామీ ఇచ్చిందని మావోరీలు అభ్యంతరం తెలిపారు. వైతాంగి ట్రిబ్యునల్ 1988 నాటి మురివెనువా నివేదికలో, మావోరీల చేపల వేట ఇంటి అవసరాలకే పరిమితమైన చిన్న వృత్తి కాదని, విస్తృతమైన మార్పిడితో కూడినదని నిర్ధారించింది. 1992 పరిష్కార చట్టంతో సీలార్డ్ కంపెనీలో సగం వాటా, కొత్తగా కోటాలోకి వచ్చే జాతుల్లో 20 శాతం మావోరీలకు దక్కాయి. అనగా పెద్ద ఎత్తున చేపలు పట్టారన్న ఆధారమే వారికి బలమైంది. పూర్వికులు అమాయకంగా, తక్కువగా పట్టారన్న పొగడ్త నిలిచి ఉంటే వారికి వాణిజ్య హక్కు దక్కేది కాదు.

7. ఇతర ద్వీపాలు

న్యూజీలాండ్ వేగాన్ని ద్వీపాలన్నిటికీ నియమంగా తీసుకోలేం. కాలిఫోర్నియా తీరంలో, ఛానెల్ దీవుల్లో ఉండే ఎగరలేని సముద్రపు బాతు 'కెండైటిస్' మోవా లాగే నిస్సహాయమైనది. అయినా టెర్రీ జోన్స్ బృందం 2008లో చూపినట్లు, మనుషులు దాన్ని దాదాపు 8 వేల ఏళ్ల పాటు వేటాడాక గానీ అది పూర్తిగా అంతరించలేదు. ఈ తేడాకు కారణం మనుషుల స్వభావంలో కన్నా, పక్షి గూళ్లు కట్టుకున్న విడి దీవులు, రాళ్లు అందుబాటులో లేకపోవడంలో వెతకడం మేలు.

మంగాయియా దీవిలోని తంగతతావ్ రాతిగుహలో పాట్రిక్ కిర్చ్ బృందం తవ్విన పొరల్లో క్రమం మరింత కఠినంగా ఉంది. అడుగున స్థానిక పక్షులు, గబ్బిలాలు. పైకి వచ్చేసరికి ఎలుకలు, కోళ్లు. తినే గుల్లల పరిమాణం కూడా చిన్నదైంది. తికోపియా దీవి విస్తీర్ణం 5 చదరపు కిలోమీటర్ల లోపే. అక్కడా తొలివాసులు పక్షుల్ని తుడిచిపెట్టారు. తరువాతి తరాలు దీవినంతటినీ పండ్లతోటగా మార్చి, తోటలు పాడుచేస్తున్నాయని పందులను తామే వదిలించుకున్నాయి. హవాయిలో భారీ బాతులు పోయాయి. కానీ అక్కడే ఒడ్డున రాతిగోడలు కట్టి, జాలీ తూముల గుండా పిల్లచేపలను రానిచ్చి, మల్లెట్‌ను, మన కోస్తాలో పాలబొంత అనే మిల్క్‌ఫిష్‌ను పెంచిన చెరువులు వందల సంఖ్యలో వెలిశాయి. పగడపు దిబ్బల మీద హవాయి ప్రజలు నేటి కన్నా ఎక్కువ చేపలను కొన్ని శతాబ్దాల పాటు నిలకడగా పట్టారని 2013లో మెక్లెనహన్, కిటింజర్ చేసిన అంచనా. పక్షుల్ని పోగొట్టుకున్న సమాజమే చేపల్ని నిలుపుకున్నది. ఈ రెండింటిలో ఒకదాన్నే ఎంచుకుని ఆ ప్రజల స్వభావం ఇదీ అని తీర్పు చెప్పడం చరిత్ర రచన కాదు.

8. జ్ఞాపకం

తాము చేసిన పని మావోరీలకు తెలుసా? ప్రిసిల్లా వేహి, ఆమె సహపరిశోధకులు 2018లో మావోరీ సామెతలను భాషాశాస్త్ర దృష్టితో పరిశీలించారు. అంతరించిన పక్షుల ప్రస్తావన ఉన్న వాటిలో మోవాదే అగ్రస్థానం. పోయిన ఇతర పక్షులన్నిటికీ అదే ప్రతినిధి అయింది. పక్షి ఎలా నడిచిందో, ఎలా అరిచిందో గుర్తుంచుకున్న సామెతలు తక్కువ. అది లేకుండా పోయిందని చెప్పేవే ఎక్కువ. 19వ శతాబ్దంలో తుపాకులు, అంటువ్యాధులు, భూముల ఆక్రమణల మధ్య తమ జనసంఖ్య ఏటికేడు తగ్గుతూ ఉంటే మావోరీలు ఆ సామెతలను మళ్లీ వాడారు. ఈసారి మోవాతో పోల్చుకున్నది తమనే.